రంగు అనుకున్నాను

మా పనిలో మూత్రం ఎర్రగా రావడం వింత కాదు. కనీసం మేమంతా అలా అనుకునేవాళ్ళం.

మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టునూలుకు రంగులు వేసే షెడ్డు నాది. పెళ్ళిళ్ళ కాలం వచ్చిందంటే కుంకుమ ఎరుపు తప్ప మరో రంగు అడిగేవాళ్ళు తక్కువ. పొద్దున మొదలుపెడితే ఎర్రటి వేడినీళ్ళ తొట్టి మీద వంగే ఉంటాం. చేతులు ఎరుపు, గోళ్ళు ఎరుపు, చీదితే ముక్కులోంచి వచ్చేదీ ఎరుపే. షెడ్డు వెనక గోడవారన ఒక కాలువ ఉంది. తొట్లలో వాడిన నీళ్ళన్నీ అందులోకే వదులుతాం. మగవాళ్ళం వెళ్ళి నిలబడేదీ ఆ కాలువ ముందే. ఎర్ర నీళ్ళలో ఎర్ర నీళ్ళు కలుస్తుంటే ఏది ఎక్కడిదో ఎవరు చూస్తారు? ఎప్పుడైనా కంటబడినా ఒక వేళాకోళం సిద్ధంగా ఉండేది.

"ఏం బావా, ఈ దినం ఏం రంగు?" అని పక్కనుంచి రెడ్డెప్ప అరిచేవాడు.

"కుంకం ఎరుపురా. నీకు?"

"నాకింకా పసుపే. మేస్త్రీవి నువ్వు కదా, నీకే ముందు పట్టింది."

నవ్వుకునేవాళ్ళం. ఒంట్లోకి పోయిన రంగు కిందికి దిగుతోందని, రెండు చెంబులు మజ్జిగ తాగితే పోతుందని మా నమ్మకం. ఎవరు చెప్పారో తెలియదు. అందరం నమ్మాం.

రెడ్డెప్ప నా భార్య సరోజకు తమ్ముడు. వాళ్ళది పుంగనూరు. తన పెళ్ళికి ముందు నా దగ్గరే ఉండి పని నేర్చుకుని, తర్వాత వాళ్ళ ఊళ్ళోనే సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పెద్ద పని వస్తే ఇప్పటికీ ఇద్దరం కలిసే చేస్తాం. వాడి చేతిలో ఉన్న పనితనమంతా నా దగ్గర నేర్చినదే. పులుపు చూడడంతో సహా.

ఆ పులుపు సంగతి చెప్పాలి. తొట్టిలో నీళ్ళకు తగినంత పులుపు ఉంటేనే పట్టుకు రంగు పడుతుంది. అందుకని యాసిడ్ పోసి కలుపుతాం. చాలిందో లేదో చూడడానికి రంగు మారే కాగితాలు దొరుకుతాయి. మాకు తెలుసు. కానీ కాగితం పెట్టి చూసేవాడు మేస్త్రీ కాడని మా నాన్న కాలం నుంచీ ఒక గొప్ప. వేలు ముంచి, నాలుక కొసకు తాకించి, పక్కకు ఉమ్మి, "ఇంకొంచెం పడాల" అనో, "చాలు" అనో చెప్పాలి. అదే పని తెలిసినవాడి గుర్తు. రెడ్డెప్ప మొదట్లో ముఖం చిట్లించాడు. నేను వాడి వేలు పట్టుకుని తొట్టిలో ముంచి, ఆ వేలు వాడి నోట్లోనే పెట్టించాను. పనివాళ్ళంతా నవ్వారు. వాడు కూడా నవ్వాడు. ఆ తర్వాత ఏ తొట్టి దగ్గరైనా మా ఇద్దరికీ అదే వాదన. వాడు "ఇంకొంచెం" అంటాడు, నేను "చాలు" అంటాను.

రెండేళ్ళ కిందటి వేసవిలో మా బోరు ఎండిపోయింది. ట్యాంకరు నీళ్ళు ఒక్కోసారి ఒక్కోరకంగా ఉంటాయి, రంగు సమంగా పట్టదు. ఉగాది కాగానే షెడ్డుకు తాళం వేశాం. అలా ఖాళీగా ఉన్నప్పుడే కుప్పంలో సరోజ చిన్నాన్న కూతురి గృహప్రవేశానికి వెళ్ళాం. కొత్త ఇల్లు. బాత్రూంలో గోడలు, నేల, అన్నీ పాలలాంటి తెల్ల టైల్స్. లోపలికి వెళ్ళినవాణ్ణి నీళ్ళు వదిలే మీట ఎక్కడుందో వెతికి, కనపడక, మగ్గుతో కాసిని పోసి వచ్చేశాను. నా వెనకే సరోజ వెళ్ళింది. వెళ్ళిన మనిషి వెంటనే తలుపు తీసింది.

"ఇట్ల రా."

తెల్ల పింగాణీ మీద ఎర్రటి చార ఒకటి కిందికి జారుతోంది.

"ఏంది ఇది?"

"రంగేలే. దిగుతాంది."

"యాడి రంగు? నువ్వు షెడ్డు తాళం తీసి ఎన్నాళ్ళాయ?"

ఉగాది నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఆ తెల్లటి గోడల మధ్య నిలబడి ఉండగానే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మేం ఆకుపచ్చ వేసిన వారాల్లో కూడా నాకు ఎరుపే వచ్చింది. నెమలికంఠం వేసినప్పుడూ ఎరుపే. రంగే దిగుతుంటే వేసిన రంగు కదా దిగాలి! నూలు పోగు చూసి ఏ తొట్టిలో ఎంతసేపు మునిగిందో చెప్పగలనని గొప్పలు పోయేవాణ్ణి. ఈ మాత్రం తేడా పట్టుకోలేకపోయాను. పట్టుకోలేదనడం కూడా పూర్తి నిజం కాదు. ఒకటి రెండుసార్లు అనుమానం వచ్చింది. మజ్జిగ తాగి పక్కన పెట్టాను.

సరోజ భోజనానికి కూడా ఆగలేదు. తలలో పూలు, భుజాన పట్టుచీర కొంగు అలాగే ఉండగా నన్ను ఆటో ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఆ చీర దారానికి రంగు వేసింది నేనే. ఆటోలో కూర్చుని దాన్నే చూస్తూ ఉన్నాను.

కుప్పం ఆసుపత్రి హాల్లో మూడు భాషలు వినిపిస్తాయి. తెలుగులో అడిగితే తమిళంలో జవాబు వస్తుంది, పక్కనున్నవాళ్ళు కన్నడంలో సర్దుబాటు చేస్తారు. అందరికీ అర్థమైపోతుంది. స్కాన్లు, కాగితాలు, పిలుపులు, మళ్ళీ పిలుపులు. ఆ రోజుల్లో నా పక్కన ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఆయన ఒడిలో ఎప్పుడూ పెళ్ళిలో తాంబూలం పెట్టి ఇచ్చే గుడ్డసంచి ఉండేది, దానిమీద ఎవరో వధూవరుల పేర్లు. ఊరి నుంచి పళ్ళు తెచ్చుకున్నాడేమో అనుకున్నాను. ఒకరోజు సంచి మూతి కొంచెం తెరిచి చూపించాడు. లోపల మూత్రం పట్టే ప్లాస్టిక్ సంచి, దాని గొట్టం ఆయన లుంగీలోకి పోయి ఉంది.

"సంచిని సంచిలో పెట్టుకుంటే ఎవురూ సూడరప్పా" అన్నాడు. "నీకూ తగిలిస్తారు. మా ఇంట్లో ఇట్లాంటివి శానా ఉండాయి, రేపు ఒకటి తెచ్చిస్తా."

తెచ్చిచ్చాడు. నా ఆపరేషన్ తర్వాత ఎవరిదో పెళ్ళి పేర్లు పట్టుకుని నేను కూడా వార్డంతా తిరిగాను. ఆయన పేరు అడగాలని కూడా నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది.

డాక్టరమ్మ చిన్న వయసుది, కోలారు వైపు అమ్మాయి. మొదటి రోజు వరసగా అడిగింది.

"బీడీ, సిగరెట్ ఏమైనా?"

"ఎప్పుడన్నా ఒకటి" అన్నాను.

"ఎప్పుడన్నా తాగకుండా ఉంటాడమ్మా" అంది సరోజ. "నిద్రపోయేటప్పుడు. అంతే."

"పని?"

"పట్టుకు రంగులు వేస్తాం."

ఆమె పెన్ను ఆగిపోయింది. ఎన్నేళ్ళుగా అని అడిగింది. మీసాలు రాకముందు నుంచీ అన్నాను. గ్లౌజులు వేసుకుంటారా అని అడిగితే నవ్వాను. చేతికి తొడుగు ఉంటే నూలు తెలియదమ్మా అన్నాను. నాలుక సంగతి కూడా చెప్పాను, అదేదో గొప్పలాగా. ఆమె నవ్వలేదు.

"మీతో పాటు ఇదే పని చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

సరోజ ఫోను చేస్తే అప్పుడే పుంగనూరు నుంచి వచ్చిన రెడ్డెప్ప టిఫిను క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను వాడి వైపు చూశాను. సరోజ కూడా చూసింది. వాడు క్యారియరు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, కిటికీలోంచి బయట ఏదో ఉన్నట్టు చూడసాగాడు.

ఆ క్షణం నుంచి నా జబ్బు నా ఒక్కడిదిగా లేదు. నాకేమవుతుందన్న భయం ఒకటి. వాడి వేలు పట్టుకుని నోట్లో పెట్టించిన నా చెయ్యి ఇంకొకటి. రెండోదే ఎక్కువ బరువనిపించింది.

మూత్రాశయంలో గడ్డ అన్నారు. క్యాన్సరే అన్నారు. గోడ లోపలికి దిగలేదు, పైపైనే ఉంది, మత్తిచ్చి కిందినుంచే గొట్టం పంపి గీకి తీసేస్తామన్నారు. తీశారు. అయితే ఇది తిరిగి తిరిగి వచ్చే జబ్బు, కొన్ని నెలలకొకసారి లోపలికి కెమెరా పంపి చూస్తూనే ఉండాలన్నారు. ఇంటికి వచ్చాక సరోజ నాతో పెద్దగా మాట్లాడేది కాదు. వండి పెట్టేది, మందులు వేళకు ఇచ్చేది, అంతే. కోపమని నేను అనుకున్నాను. అది ఏమిటో అడగలేదు.

శ్రావణం వచ్చేసరికి వారం వారం ప్రయాణాలు మొదలయ్యాయి. మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం. చంటిపిల్లలకు క్షయ రాకుండా వేసే టీకా మందునే నా మూత్రాశయంలోకి ఎక్కించేవారు. లోపల అదే ఒక గొడవ మొదలుపెడితే ఒంట్లోని కాపలావాళ్ళంతా అక్కడికి పరుగెత్తుకొస్తారట, వచ్చినప్పుడు మిగిలిన చెడ్డ కణాలను కూడా చూసుకుంటారట. మందు లోపల నిలబెట్టుకుని, అటొకసారి ఇటొకసారి దొర్లుతూ పడుకోవాలి. పెనం మీద అట్టులా నన్ను తిప్పుతుంటే నాకు ప్రశ్నలు పుట్టుకొచ్చేవి. చిన్నపిల్లల టీకా ఇక్కడికి ఎలా వచ్చింది? మొదట ఎవరికి తోచింది? ఎడమకు తిరిగితే ఎంత, కుడికి తిరిగితే ఎంత?

"పరీక్ష రాసేది నువ్వా, మేమా?" అనేది నర్సమ్మ. "తిరుగప్పా, గమ్మున తిరుగు."

నిజం చెప్పాలంటే భయాన్ని పక్కకు నెట్టడానికి నాకు దొరికిన దారి అడగడమే. అడుగుతున్నంతసేపు మనసు ఇంకెక్కడో ఉండేది. తర్వాత తర్వాత అడగడం దానికదే బాగుండేది. చదువు మానేసిన ఇన్నేళ్ళకు ఏదో నేర్చుకుంటున్నట్టు ఉండేది.

మొదటిసారి కెమెరా పెట్టినప్పుడు అరిచాను. ఇంటికి వచ్చాక చుట్టుపక్కల మగ్గాలవాళ్ళు, రెడ్డెప్ప, వాడి పనివాళ్ళు చూడ్డానికి వచ్చారు. అందరూ చుట్టూ కూర్చుని వింటుంటే నేను చెప్పుకుంటూ పోయాను. కత్తి పెట్టి లోపల తిప్పినట్టు ఉంటుందన్నాను. మగవాడనేవాడు తట్టుకోలేడన్నాను. వినేవాళ్ళ ముఖాలు మారుతుంటే నాకేదో పెద్దరికం వచ్చినట్టు అనిపించింది. రెడ్డెప్ప తల దించుకుని కూర్చున్నాడు. ఆ రోజు తర్వాత వాడు కుప్పం మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. నా బస్సు పుంగనూరులో ఆగినప్పుడు కిటికీ దగ్గరికి వచ్చేవాడు, అక్క చేతికి పళ్ళో, పాలకోవానో ఇచ్చేవాడు. ఎక్కేవాడు కాదు.

"ఒకసారి నువ్వూ సూపించుకోరా" అంది సరోజ ఒకరోజు కిటికీలోంచి.

"నాకేం లేదక్కా. కావాలంటే నెత్తురిస్తా, ఎంత కావాలంటే అంత తీసుకోమను. నెత్తుర్లో సూసి చెప్పమను. ఆ గొట్టం మాత్రం నాకొద్దు."

"బీడీ పడేసి మాట్లాడు ముందు."

"బస్సు కదులుతాంది సూడు" అని వాడు పక్కకు జరిగాడు.

వాడు తప్పించుకోవడానికే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట పట్టుకుంది. నెత్తురులో చూసి చెప్పవచ్చా? చలికాలం మొదట్లో కెమెరా పరీక్ష అయ్యాక, ఈసారికి ఏమీ లేదని డాక్టరమ్మ చెప్పి కాగితం మడుస్తుంటే అడిగాను. ఆమెకు ఆ రోజు కాస్త తీరిక ఉన్నట్టుంది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మీరు అడిగిందే పరిశోధనలు చేసేవాళ్ళు కూడా అడుగుతున్నారు. రక్తంలో తెల్లకణాలు ఉంటాయి కదా, వాటిలో డీఎన్ఏ ఉంటుంది. దానిమీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న చిన్న గుర్తులు అతుక్కుని ఉంటాయి. డీఎన్ఏలో రాసి ఉన్నది మారదు. అందులో ఏ భాగం పనిచేయాలి, ఏది మూసి ఉంచాలి అన్నది మాత్రం ఆ గుర్తులను బట్టి కూడా ఉంటుంది. ఎపిజెనెటిక్ గుర్తులంటాం. పొగ తాగేవాళ్ళలో కొన్నిచోట్ల ఆ గుర్తులు బాగా తగ్గిపోతాయి. ఎంతగా అంటే, రక్తం చూసి ఈ మనిషి తాగేవాడా కాదా అని చాలావరకు చెప్పవచ్చు."

"నేను ఎప్పుడన్నా ఒకటి అని చెప్పినా?"

"మీరు ఏం చెప్పినా సరే. రక్తం మీ ఆవిడలాగా చెబుతుంది."

సరోజ చాలా రోజుల తర్వాత నవ్వింది.

నాకు వెంటనే షెడ్డు గుర్తొచ్చింది. "అమ్మా, చీర అంచుకో రంగు, ఒంటికో రంగు కావాలంటే నూలులో కొంత భాగానికి నీళ్ళు తగలకుండా గట్టిగా కట్టేసి ముంచుతాం. నూలు అంతా ఒకటే. కట్టు వదులైతే రాకూడని చోటికి రంగు పోతుంది. అట్లాంటిదేనా?"

ఆమె ఆలోచించింది. "దగ్గరగా ఉంది. కానీ పూర్తిగా అదే కాదు. కట్టు వదులైతే మీకు కంటికి కనపడుతుంది, ఆ నూలు చెడినట్టే. ఇక్కడ వదులైన ప్రతిచోటా జబ్బు రాదు. అసలు ఆ వదులు వల్లే జబ్బు వస్తోందా, లేక పొగ వచ్చి పోయినందుకు మిగిలిన ఆనవాలేనా అన్నది ఇంకా వెతుకుతున్నారు. చాలామందిని కలిపి చూసి, ఇలాంటి గుర్తులున్నవాళ్ళలో మూత్రాశయం క్యాన్సర్ ఎక్కువా అని పోల్చుతున్నారు. ఒక్క మనిషి రక్తం తీసి, నీకు వస్తుంది, నీకు రాదు అని చెప్పే పరీక్ష నా దగ్గర లేదు."

"మానేస్తే?"

"అక్కడే ఇంకో తేడా. మీ నూలులోకి పాకిన రంగు వెనక్కి రాదు. ఇక్కడ మానేశాక కొన్ని గుర్తులు ఏళ్ళ మీద మెల్లగా మళ్ళీ సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోవు."

ఊడిన కట్టు దానంతట అది మళ్ళీ బిగుసుకోవడం! నేను బీడీ వదిలింది ఆ తెల్ల బాత్రూం చూసిన రోజునే. అప్పటి నుంచీ నాకు తెలియకుండానే నెత్తురులో ఎక్కడో ఏవో కట్లు ఒకటొకటిగా బిగుసుకుంటున్నాయేమో అనుకుంటే, నా చేతులు తిప్పి తిప్పి చూసుకోవాలనిపించింది. మరి రంగుల సంగతేమిటని అడిగాను. పొగ గురించి తెలిసినంతగా ఆ సంగతి తనకు తెలియదని, కొన్నిరకాల రంగుల వల్ల ఈ జబ్బు వస్తుందని మాత్రం ఎప్పటి నుంచో తెలుసని చెప్పింది.

"మీ బావమరిదికి ఇప్పుడు ఇదంతా అక్కరలేదు" అంది. "ముందు ఒక సీసాలో మూత్రం, ఒక స్కాన్. అంతే. కెమెరా కావాలో వద్దో ఆ తర్వాతి మాట."

మొదట కావాల్సింది ఒక సీసా. నేను వాడికి చూపించింది కత్తి.

లేచి వస్తుంటే సరోజ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "అమ్మా, పక్కన ఉండి ఆ పొగ పీల్చినోళ్ళ నెత్తుర్లో?"

"కొంత కనపడుతుందంటారమ్మా. తాగినవాళ్ళలో ఉన్నంత కాదు."

ఆ రోజు బస్సులో పలమనేరు దాటేదాకా సరోజ కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది. నేను మాత్రం కట్ల గురించే మాట్లాడుతున్నాను.

పుంగనూరులో దిగాం. రెడ్డెప్ప షెడ్డులో తొట్టి పొగలు కక్కుతోంది. వాడు కర్రతో నూలు తిప్పుతూ మమ్మల్ని చూసి ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"గొట్టం కత అయితే వద్దు బావా."

"ఆ కత గురించే వచ్చినా. నేను చెప్పిందాంట్లో సగం అబద్ధంరా."

కర్ర ఆగింది. "ఏ సగం?"

"అరిచింది నిజం. నొప్పికి కాదు, భయానికి. మంట ఉండాది, ఒక దినం ఉండి పోతాది. మీరంతా నోరు తెరుసుకొని వింటాంటే నేను పెంచుకుంటా పోయినా."

"కత్తి పెట్టి తిప్పినట్టుంటాదని చెప్పితివి కదా?"

"చెప్పినా."

"మా పనోళ్ళ ముందర చెప్పితివి! ఆ పొద్దు నాకు సంగటి గొంతు దిగలా తెలుసునా?" పనివాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు. రెడ్డెప్ప వాళ్ళ వైపు ఉరిమి చూశాడు. "ఏందిరా నవ్వు? మీరూ విన్నారు కదా, మీకు దిగిందా?"

నేను సీసా సంగతి చెప్పాను, స్కాన్ సంగతి చెప్పాను. "నీ వేలు తీసి నోట్లో పెట్టించింది నేను. ఆ పొద్దు నువ్వు వద్దంటే విన్లా. ఈ పొద్దు నా మాట ఒక్కటి వినురా" అన్నాను. వాడు కర్ర తిప్పడం మొదలుపెట్టాడు.

"నాకేం లేదు బావా. ఉంటే తెలీదా?"

అప్పటిదాకా ఒక మూల బస్తా మీద కూర్చుని ఉన్న సరోజ లేచింది.

"వాడు రాకపోతే పోనీలే. శుక్రవారం నేను పోతాండా."

"నీకేంటికక్కా?"

"ఏంటికా? ఇన్నేండ్లు ఈయన రంగు బట్టలు ఉతికిందెవురు? పక్కన పండుకొని ఆ పొగ మింగిందెవురు? నీకొచ్చిందా నాకొచ్చిందా అని మీరిద్దురే మాట్లాడుకుంటా ఉండారు. నన్ను ఒక్క మాట అడిగినోడు ల్యా."

రెడ్డెప్ప కర్రను తొట్టి అంచుకు ఆనించాడు. డాక్టరమ్మను ఆమె ఎందుకు అలా అడిగిందో నాకు అప్పుడు తెలిసింది. నెలల తరబడి సాగిన ఆ మౌనం కోపం కాదని కూడా తెలిసింది. ఆసుపత్రిలో ఎక్కడెక్కడి ప్రశ్నలో అడిగి తెలుసుకున్న నేను, ఇంట్లో నా పక్కనున్న మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

శుక్రవారం బస్సు పుంగనూరులో ఆగేసరికి రెడ్డెప్ప ఇస్త్రీ చొక్కాలో నిలబడి ఉన్నాడు. ఎక్కి, నా వైపు చూడకుండా వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాడు.

సరోజ పరీక్షల్లో ఏమీ లేదు. ఆ మాట చెప్పినప్పుడు ఆమె "సరే" అని మాత్రం అని, చీర కొంగుతో మెడ తుడుచుకుంది. రెడ్డెప్ప స్కాన్ కూడా బాగానే ఉంది. మూత్రంలో మాత్రం కంటికి కనపడనంత రక్తం ఉందన్నారు. బీడీ, రంగులు, మా ఇంట్లో నా జబ్బు, అన్నీ విన్నాక డాక్టరమ్మ కెమెరా పెట్టి చూడాల్సిందే అంది. రెడ్డెప్ప నా వైపు తిరిగాడు.

"సగం అబద్ధమంటివి. ఏ సగమో తెలుస్తాది ఇప్పుడు."

తన చెప్పులు, చొక్కా నా చేతికిచ్చి లోపలికి వెళ్ళాడు. ఆ బెంచీ మీద నేను రోగిగా చాలాసార్లు కూర్చున్నాను. అప్పుడు తెలియని భయం ఇప్పుడు తెలిసింది. ఆ చెప్పుల అడుగున ఎర్ర రంగు అంటి ఉంది. దాన్ని గోటితో గీకుతూ కూర్చున్నాను. సరోజ చూసి నా చేతిలోంచి చెప్పులు తీసి కింద పెట్టింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

లోపలినుంచి అరుపు వినపడలేదు. తలుపు తెరుచుకుంది. కాళ్ళు ఎడం చేసి నడుస్తూ వాడు, వెనక డాక్టరమ్మ.

"గడ్డలు ఏమీ కనపడలేదు" అంది ఆమె. "ఒకచోట కొంచెం ఎర్రబడి ఉంది, కంగారుపడాల్సిందేమీ లేదు. ఆరు నెలలకు మళ్ళీ రావాలి. బీడీ మానాలి. నాలుక సంగతి నేను చెప్పక్కర్లేదు."

రెడ్డెప్ప నా దగ్గరికి వచ్చి చొక్కా లాక్కున్నాడు.

"బావా, సగం కాదు. ముప్పాతిక అబద్ధం."

నవ్వాలో ఏడవాలో తెలియక నేను గోడ వైపు తిరిగాను.

ఇప్పుడు రెండు షెడ్లలోనూ పులుపు చూసే కాగితాలు గోడకు వేలాడుతున్నాయి, చేతులకు తొడుగులు ఉన్నాయి. మగవాళ్ళు వెళ్ళే చోటుకు రంగు కాలువతో సంబంధం లేకుండా వేరే దారి పెట్టించాం, గోడకు నేలకు తెల్ల టైల్స్ వేయించాం. షెడ్డులో ఇదేం సోకు అని మొదట్లో ఎగతాళి చేశారు. రంగు పనిలో ఉన్నవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: తెల్లటి చోట చూసుకోండి, ఎర్రగా కనపడితే మజ్జిగతో సరిపెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్ళండి. నెత్తురు చూసి ముందే చెప్పే పరీక్ష ఎప్పటికైనా మా ఊళ్ళకు వస్తుందేమో, వస్తే మొదట చెయ్యి చాపేది నేనే. ఆ కట్లు ఎన్ని బిగిశాయో చూడాలని ఉంది. రెడ్డెప్ప బీడీలు తగ్గించాడు, మానలేదు. షెడ్డు వెనకనుంచి వచ్చేటప్పుడు వాసన తెలియకుండా తులసాకు నములుతూ వస్తాడు. ఆ విషయంలో వాణ్ణి గట్టిగా మందలించే నోరు నాకు లేదు. కట్లు మళ్ళీ బిగుస్తాయట అని మాత్రం చెబుతుంటాను. వింటాడు.

ఆ శుక్రవారం సాయంత్రం కుప్పం నుంచి తిరిగొచ్చి పుంగనూరులో వాడి ఇంట్లోనే దిగాం. సరోజ వంటింట్లోకి వెళ్ళి చారు పెట్టింది. గరిటెతో వచ్చి, మా ఇద్దరి అరచేతుల్లోనూ తలా ఒక చుక్క వేసింది.

"పులుపు సరిపోయిందా సూడండి."

వాడు చేతిలోని చుక్కను చూశాడు. నేను నా చేతిలోది చూశాను. చారు కొంచెం ఎర్రగానే ఉంది. ఇద్దరిలో ఒక్కరం కూడా చెయ్యి పైకెత్తలేదు.

"ఏమప్పా, ఇద్దురూ అట్ల బొమ్మల మాదిరి సూస్తాండారు?" అంది సరోజ. "అది చారు. దాన్ని నాలికతోనే సూడాల."

నాకాం.

"ఇంకొంచెం పడాల" అన్నాడు రెడ్డెప్ప.

"చాలు" అన్నాను నేను.

సరోజ ఇద్దరి మాటా వినలేదు. తనే ఒక చుక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసి ఒక్క క్షణం ఆగి, గిన్నె దించేసింది.